డార్క్‌వెబ్ అమ్మకాల లెక్క: రివ్యూలా, బ్లాక్‌చైనా, పట్టుబడ్డ సర్వరా?
డార్క్‌వెబ్‌లో (మామూలు బ్రౌజర్‌కు అందని, ఎవరు నడుపుతున్నారో తెలియని సైట్లలో) ఇన్ని కోట్ల వ్యాపారం అని ఎవరైనా స్లైడ్‌లో ఓ అంకె పెడితే, అది ఎలా తేల్చారో ముందు అడగండి. బెంగళూరులో మన తెలుగు డేటా బ్యాచ్ కలిసినప్పుడు ఈ వాదన మొదలైందంటే మారతహళ్లి మెస్‌లో భోజనాలు చల్లారిపోవాల్సిందే. ఎక్కువమంది బ్లాక్‌చైన్ (బిట్‌కాయిన్ చెల్లింపులన్నీ నమోదయ్యే బహిరంగ చిట్టా) అంటారు, నా ఓటు మాత్రం కొన్నవాళ్లు రాసే రివ్యూలకే.

ఆ మెస్‌కి ఆన్‌లైన్‌లో వచ్చిన రేటింగులు చూసి ఎన్ని భోజనాలు అమ్ముడయ్యాయో చెప్పలేం, తిన్నవాళ్లలో రాసేది ఏ కొద్దిమందో. సిల్క్‌రోడ్ అనే డార్క్‌వెబ్ మార్కెట్‌లో అలా కాదు, కొన్నవాడు ఫీడ్‌బ్యాక్ ఇచ్చి తీరాల్సి ఉండేది. అందుకే అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో పరిశోధకుడు నికొలస్ క్రిస్టిన్ 2012లో నెలల తరబడి ఆ సైటు పేజీలు దించుకుని, ఒక్కో ఫీడ్‌బ్యాక్‌ను ఒక్కో అమ్మకంగా పట్టుకుని, నెలకు సుమారు 12 లక్షల డాలర్లని తేల్చగలిగాడు. చిక్కల్లా ధర దగ్గరే. సరుకు అయిపోతే అమ్మేవాడు పేజీ తీసేయడు, తీసేస్తే పాత రివ్యూలు పోతాయి కదా, ఎవడూ కొననంత ధర పెట్టి ఊరుకుంటాడు. మన స్క్రేపర్ (పేజీలు దించే ప్రోగ్రామ్) సరిగ్గా ఆ రోజే వెళ్తే పాత అమ్మకాలన్నిటినీ ఆ ఉత్తుత్తి ధరతో గుణించేస్తుంది. పేజీని మళ్లీ మళ్లీ చూసి, ఉన్నట్టుండి ఎగిరిన ధరలు ఏరి పారేయాలి. విసుగు పనే, కానీ తప్పు ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది.

బ్లాక్‌చైన్‌లో ఆ గొడవ లేదు, కదిలిన డబ్బే కనిపిస్తుంది. కానీ ఏ అడ్రస్ (డబ్బు చేరే ఖాతా నంబరు లాంటిది) ఏ మార్కెట్‌దో అంచనా మీదే గుంపు కట్టాలి, ఏం సరుకు అమ్మారో తెలియదు. 2022లో జర్మన్ పోలీసులు మూయించిన హైడ్రా లాంటి బిట్‌కాయిన్ మార్కెట్లకు పనికొస్తుంది; చెల్లింపుల వివరాలు దాచేసే మొనేరో అనే నాణెం మాత్రమే తీసుకున్న వైట్ హౌస్ మార్కెట్ లాంటి చోట చేతులెత్తేయడమే.

పోలీసులకు మార్కెట్ సర్వర్ దొరికితే అసలు చిట్టా దొరికినట్టే, కాకపోతే అది మన చేతికొచ్చేసరికి సాధారణంగా మార్కెట్ మూతపడి ఉంటుంది. పైగా అక్కడా గొడవే! 2013 అక్టోబర్‌లో సిల్క్‌రోడ్‌ను మూసినప్పుడు మొత్తం అమ్మకాలని ఎఫ్‌బీఐ చెప్పింది 95 లక్షల బిట్‌కాయిన్లు, అంటే 120 కోట్ల డాలర్లు. 2015 విచారణకొచ్చేసరికి అది 21 కోట్ల చిల్లర డాలర్లు. మొదటిది అరెస్టు నాటి బిట్‌కాయిన్ ధరతో కట్టిన లెక్క, రెండోది ఏ అమ్మకానికి ఆ రోజు ధరతో. పేపర్లకెక్కింది మాత్రం పెద్ద అంకే.

కాబట్టి నడుస్తున్న మార్కెట్‌కైతే రివ్యూలతోనే మొదలుపెట్టి, బిట్‌కాయిన్ ఉన్నచోట చైన్‌తో సరిచూసుకోండి. ఫీడ్‌బ్యాక్ తప్పనిసరి కాని చోట వచ్చిన అంకెకు ముందు ‘కనీసం’ అని చేర్చండి.