ఈ-గెజిట్ సైట్: మా మండలం రాష్ట్రం మారిన కాగితం ఇక్కడ దొరికింది

మాది కుక్కునూరు మండలం. మా అమ్మాయి పదో తరగతి సర్టిఫికెట్‌లో ఖమ్మం జిల్లా, ఆధార్‌లో ఏలూరు జిల్లా. ఉద్యోగం దరఖాస్తు కోసం వెళ్తే ఒక ఆఫీసులో "ఎప్పుడు ఇల్లు మారారు?" అని అడిగారు. మేం మారలేదు సార్, మండలాన్నే ఆంధ్రలో కలిపారు అంటే, కాగితం చూపించమన్నారు.

ఆ రాత్రే కేంద్ర ప్రభుత్వం చట్టాలు, ఉత్తర్వులు అధికారికంగా ప్రచురించే ఈ-గెజిట్ సైట్ తెరిచాను. ఫీజు లేదు, లాగిన్ అక్కర్లేదు. శాఖ, తేదీ ఇచ్చి వెతికితే 2014 మార్చి 1 నాటి రాష్ట్ర విభజన చట్టం పీడీఎఫ్ వచ్చింది. ముందుగా 3వ సెక్షన్ చూశాను. తెలంగాణ జిల్లాల వరుసలో ఖమ్మం పక్కన ఒక బ్రాకెట్ ఉంది. 2005 జూన్ 27 నాటి జీవో 111లో చెప్పిన మండలాల్లోని రెవెన్యూ గ్రామాలు మినహా అని అందులో రాశారు. మా మండలం పేరు ఎక్కడా లేదు! మన ఊరు ఎటు పోతుందో తెలియాలంటే తొమ్మిదేళ్ల కిందటి పోలవరం ముంపు జీవో తెచ్చి చదువుకోవాలన్నమాట. ఇన్ని వేల కుటుంబాల సంగతి ఒక్క బ్రాకెట్‌లో సర్దేశారని ఇన్నాళ్లూ నాకు తెలియదు.

2014 మే 29న ముంపు మండలాలను ఆంధ్రలో కలుపుతూ ఆర్డినెన్స్ వచ్చింది. దానికి నిరసనగా ఆ రోజు తెలంగాణలో బంద్. ఆర్డినెన్స్ స్థానంలో వచ్చిన జూలై 17 నాటి సవరణ చట్టం తెరిస్తే అందులో కుక్కునూరు, వేలేరుపాడు అని మండలాల పేర్లే ఉన్నాయి. ఆ లైను దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

2015 అక్టోబరు 1 నుంచి కేంద్రం గెజిట్ అచ్చు ఆపేసి నెట్‌లోనే ఇస్తోంది. ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం 8వ సెక్షన్ ప్రకారం దీనికీ అచ్చు గెజిట్‌తో సమానమైన విలువే. ఢిల్లీ దాకా పోనక్కర్లేకుండా ఇంట్లోనే దొరకడం నాలాంటివాళ్లకు పెద్ద మేలు.

ఒక్కటే బాధ. అంతా హిందీ, ఇంగ్లీషే. కేంద్ర చట్టాలకు ప్రాంతీయ భాషల్లో అధికారిక పాఠం ఇచ్చేందుకు 1973లోనే చట్టం చేశారు. అయినా మా ఊరి సంగతి మా అమ్మకు నేనే తెలుగులో చెప్పాల్సి వచ్చింది. తెలుగు పాఠం కూడా పక్కనే పెడితే ఈ సైట్‌కు ఐదుకి ఐదు మార్కులు ఇచ్చేవాణ్ణి. ఇప్పటికి నాలుగు.

సవరణ చట్టం ప్రింట్ తీసి, కుక్కునూరు కింద ఎర్ర పెన్నుతో గీత గీసి అమ్మాయి ఫైల్లో పెట్టాను.