నిద్రమాత్ర మానడానికి: ప్రొజెస్టెరానా, డోసు కోతా?

ఆల్ప్రజోలామ్ అనే నిద్రమాత్ర ఏళ్ల తరబడి వేసుకున్నవాళ్లు ఉన్నపళంగా ఆపితే వణుకు, నిద్రలేమే కాదు, ఫిట్స్ కూడా రావచ్చు. మరి ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ మాత్రతో గట్టెక్కలేమా?

ప్రొజెస్టెరాన్ వెనక లాజిక్ ఉంది. మింగిన క్యాప్సూల్‌లో కొంత అల్లోప్రెగ్ననలోన్ అనే పదార్థంగా మారి, ఆల్ప్రజోలామ్ పట్టుకునే గాబా గ్రాహకం (మెదడును నెమ్మదింపజేసే స్విచ్ లాంటిది) మీదే పనిచేస్తుంది. 200 మిల్లీగ్రాములు వేసుకుంటే మత్తుగా ఉండేది అందుకే. కానీ మాత్ర మానేవాళ్లకు ఇచ్చి చూసిన ట్రయల్‌లో చెప్పుకోదగ్గ లాభం కనబడలేదు. పైగా రెండు మత్తులూ కలిస్తే, పెద్దవాళ్లు రాత్రి బాత్రూమ్‌కి లేచి పడిపోవచ్చు. మెనోపాజ్ ఇబ్బందులకు గైనకాలజిస్టు రాస్తే ఆ లెక్క వేరు.

డోసు కోత విసుగే, అయినా మా ఓటు దీనికే. 2–4 వారాలకోసారి 5–10 శాతం తగ్గించాలి. చిక్కంతా మాత్ర దగ్గరే. రోజుకు 0.5 మి.గ్రా. వేసుకునేవాళ్లకు పది శాతమంటే 0.05. చిన్నదైన 0.25 మాత్రను బ్లేడుతో సగం చేసినా 0.125, అంటే ఒకే దెబ్బకు 25 శాతం! అదీ సమానంగా విరగదు, పొడి రాలిపోతుంది. అందుకే కొందరు డాక్టర్లు అదే కోవకు చెందిన డయాజెపామ్ మాత్రకి మారుస్తారు. 0.5 మి.గ్రా. ఆల్ప్రజోలామ్‌కి సుమారు 10 మి.గ్రా. డయాజెపామ్ సమానం; 2 మి.గ్రా. మాత్రలో సగం తగ్గిస్తే పదో వంతు తగ్గినట్టే. ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది కనుక డోసుకూ డోసుకూ మధ్య వణుకు తక్కువ. లివర్ జబ్బున్నవాళ్లకు మాత్రం నప్పదు.

ఈ లెక్క సొంతంగా వేయకండి. తిరుపతివాళ్లయితే రుయా ఆసుపత్రి సైకియాట్రీ ఓపీకి పాత చీటీలతోపాటు ఖాళీ స్ట్రిప్పు కూడా పట్టుకెళ్లండి.