గింప్‌లో జిఫ్ బొమ్మలు: లేయర్ పేరే రిమోట్

గింప్ అనే ఉచిత ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ని చాలామంది ఫొటో వెనక బ్యాక్‌గ్రౌండ్ తీసేయడానికే వాడతారు. అమలాపురం దగ్గర మా ఫ్లెక్స్ షాపులో నేను మాత్రం కొన్నేళ్లుగా దాంతో పండగలకి వాట్సాప్‌లో పంపుకునే కదిలే బొమ్మలు, అదే జిఫ్‌లు, చేస్తున్నాను. దాని మీద నాకింత ఇష్టం ఎందుకంటే, ఇందులో ఒక్కో లేయర్ (ఒకదాని మీద ఒకటి పేర్చే పొర) ఒక్కో ఫ్రేము అవుతుంది, ఏ ఫ్రేము ఎంతసేపు నిలబడాలో ఆ లేయర్ పేరు చివర బ్రాకెట్లో మిల్లీసెకన్లలో రాసేస్తే చాలు. టైమ్‌లైన్ లేదు, కీఫ్రేముల గోల లేదు. 2025లో గింప్ 3.0 వచ్చాక కూడా ఈ పద్ధతి మారలేదు, బతికించారు.

ఎక్కించడం ఇంకా సులువు. ఓపెన్ యాజ్ లేయర్స్‌లో ఫైళ్లన్నీ ఒకేసారి ఎంచుకుంటే ఒక్కోటి ఒక్కో లేయరైపోతుంది, అట్టడుగున ఉన్నది మొదటి ఫ్రేము.

ఇక కనుమ గొడవ. కనుమ నాడు మా కోనసీమలో జగ్గన్నతోట తీర్థానికి పదకొండు ఊళ్ల రుద్రులు ప్రభల మీద, అంటే భుజాల మీద మోసే అలంకరించిన ఎత్తైన వెదురు కట్టడాల మీద, వస్తారు. వాటిలో గంగలకుర్రు ప్రభ కౌశిక కాలువ దాటుతున్నట్టు జిఫ్ కావాలని ఆ ఊరాయన ఒకరు వచ్చారు. కాలువ ఫొటో అడుగున పెట్టి, ప్రభని కట్ చేసి, పై లేయర్లలో కొంచెం కొంచెం జరుపుతూ పేర్చి ప్లేబ్యాక్ నొక్కితే, ప్రభ కదిలిన చోటల్లా ఒక ప్రభ మిగిలిపోతోంది. ఆయన వెనక నుంచి చూసి, "ఏమండీ, ఏకాదశ రుద్రులందర్నీ మా ఊరి నుంచే పంపేస్తున్నారేంటండీ" అన్నారు. ఊరికే వదిలేస్తే ఒక ఫ్రేము మీద ఇంకో ఫ్రేము పేరుకుంటుంది. పేరులో రీప్లేస్ అని చేరిస్తే పాత ప్రభలు పోతాయి, కానీ వాటితోపాటు కాలువ కూడా మాయం! చివరికి కాలువ లేయర్‌కి కాపీలు తీసి, ఒక్కో ప్రభ కింద ఒకటి పెట్టి, మెర్జ్ డౌన్‌తో రెండూ ఒకే లేయర్‌గా కలిపేస్తేగానీ పని తెమల్లేదు.

లేయర్ పేరు గురించి ఇందాక మురిసిపోయాను గానీ ఫ్రేములు ఎక్కువైతే అన్నిటికీ టైపు చేస్తూ కూర్చోవడం విసుగే. అన్నిటికీ ఒకే వేగమైతే ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు పెట్టుకోవచ్చు. మరీ 10 మిల్లీసెకన్లు పెడితే బ్రౌజర్లు దాన్ని పట్టించుకోకుండా 100 చేసేస్తాయి. జిఫ్‌లో ఫ్రేముకి 256 రంగులే కాబట్టి సాయంత్రపు ఆకాశం చారలు చారలుగా వస్తుంది, అది గింప్ తప్పు కాదు. ఫోన్ ఫొటోలు మాత్రం ముందే చిన్నవి చేసి ఎక్కించండి, లేకపోతే సిస్టమ్ మూలుగుతుంది.

నా సిస్టమ్ పాతది, నా బొమ్మల్లో ఫ్రేములు తక్కువ, అడిగేవాళ్లకి సాయంత్రానికల్లా కావాలి. ఈ లెక్కలో నాకిది చాలు. మా అమ్మాయి చేత్తో గీసి కదిలిస్తుంది, తనకి ముందు ఫ్రేము వెనక మసగ్గా కనబడాలి, అందుకే క్రిటా అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌కి వెళ్లిపోయింది.