పరీక్ష లేని మనిషికి రీడింగ్ రూమ్

"గ్రూప్ టూనా, డీఎస్సీనా చెల్లెమ్మా?" అని మొదటి రోజు రీడింగ్ రూమ్ ఓనరు గారు అడిగారు. రెండూ కాదండీ, జీఎస్టీ అన్నాను. "అదెప్పుడు పడింది నోటిఫికేషన్?" అన్నారు.

నేను ఏ పరీక్షకీ చదవడం లేదు. హైదరాబాద్‌లో ఒక ఆడిటర్ గారి ఆఫీసుకి విజయనగరంలో కూర్చుని రిటర్నులు వేస్తాను. నెలలో 11న జీఎస్టీఆర్-1 అంటే అమ్మకాల లెక్క, 20న 3బీ అంటే పన్ను లెక్క, ఇవే గడువులు. మిగతా తారీఖులన్నీ ఆ రెంటి చుట్టూ తిరుగుతుంటాయి. మావారు ఆర్మీలో హవల్దార్. ఏడాదిన్నర క్రితం దాకా పీస్ స్టేషన్, క్వార్టర్ ఇచ్చారు, ముగ్గురం కలిసే ఉన్నాం. ఇప్పుడు ఫీల్డ్. ఫ్యామిలీని తీసుకెళ్లే చోటు కాదు. ఎక్కడన్నది రాయకూడదు, రాయను. చలి ఎక్కువ, సిగ్నల్ తక్కువ, అంతవరకే. అందుకని రెండో తరగతి పాపను తీసుకుని అత్తవారింటికి వచ్చేశాను. ఎనిమిది నెలలుగా నెలకి 900 రూపాయలు కట్టి, ఈ రీడింగ్ రూమ్‌లో కానిస్టేబుల్ పరీక్షకి చదివే పిల్లల మధ్య ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటున్నాను.

రూమ్ పేరు రాయడం లేదు. మెచ్చుకునేవాటితో పాటు తిట్టేవీ ఉన్నాయి, ఓనరు గారి మొహం రేపు పొద్దున మళ్లీ చూడాలి. కంటోన్మెంట్ వైపు, కింద జిరాక్స్ షాపు, పైన ఇది. కంటోన్మెంట్ అంటే మావారి యూనిట్‌లో వాళ్లు "ఓహో, ఊళ్లో కూడా కంటోన్మెంట్‌లోనే ఉంటారా" అని సంబరపడతారు. బ్రిటిష్ వాళ్ల కాలంలో పటాలం ఉండేది, ఇప్పుడు పేరొక్కటే మిగిలింది.

ఇంట్లో బల్ల లేదా అంటే ఉంది. కుర్చీ ఉంది, నెట్ కూడా బాగానే వస్తుంది. ఇంట్లో లేనిదల్లా నేను పనిలో ఉన్నాననే నమ్మకం. ఇంట్లో ఉన్న మనిషి ఖాళీగా ఉన్నట్టే లెక్క. గ్యాస్ బండ వస్తే నేను, పక్కింటివాళ్ల కొరియర్ వస్తే నేను, పెళ్లి కార్డులు పంచడానికి వచ్చినవాళ్లకి కాఫీ నేను. ఇవన్నీ ఒక ఎత్తు, నవంబరు ఒక ఎత్తు. మామగారు కూడా పటాలంలో పనిచేసి రిటైరైనవారే. నవంబరు వస్తే ఆయన స్నేహితులు ఒక్కొక్కరే ఆధార్ కార్డు పట్టుకుని దిగుతారు. స్పర్శ్‌లో, అంటే మిలిటరీ పెన్షన్ల వెబ్‌సైట్‌లో, పెన్షన్ ఆగకుండా లైఫ్ సర్టిఫికెట్ పెట్టాలి. "అమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచే ఉంది కదా" అంటారు. తెరిచే ఉంది, అందులో ఇరవై ఆరు మంది క్లయింట్ల లెక్కలు కూడా తెరిచే ఉన్నాయి. పోయిన ఏడాది ఒక బాబాయి వచ్చారు. ఫోన్‌లో యాప్ ముందు ముఖం పెట్టి కళ్లు ఆర్పితే చాలు, బతికే ఉన్నారని నమోదు చేసుకుంటుంది. ఆయన ఆర్పరు. ఆర్పినా యాప్‌కి కనపడదు. ఆపరేషన్ అయిన కళ్లు. "సెంట్రీ డ్యూటీలో రెప్ప వెయ్యకూడదని నేర్పారమ్మా" అని నవ్వుతున్నారు. అరగంట పట్టింది. ఆ హడావిడిలో ఒక బట్టల కొట్టు కొనుగోళ్లు తీసుకెళ్లి ఒక మందుల కొట్టు ఖాతాలో ఎక్కించేశాను. రాత్రి ఒకటిన్నర దాకా అదే సరిచేశాను. మర్నాడు పాప షూ లేసు ముడి పడలేదని ఏడిస్తే ఎంత అరిచానో నాకే వినబడింది.

వేరే చోటు చూసుకోవాలని అప్పుడే అనుకున్నాను. వైజాగ్‌లో పెద్ద పెద్ద కో-వర్కింగ్ ఆఫీసులున్నాయి గానీ, రోజూ బస్సులో వెళ్లి రావడానికే సగం పూట పోతుంది. డబ్బు కట్టి వేరేచోట కూర్చుంటానంటే అత్తగారు ముక్కున వేలేసుకున్నారు. "ఏటే, మనింటి కుర్చీకి ముళ్లున్నాయా? కూకోడానికి కూడా డబ్బులేటి?" అన్నారు.

రూమ్ సంగతికి వస్తాను. ఎనభై దాకా సీట్లు. ఒక్కో సీటుకి మూడు వైపులా ప్లైవుడ్ అడ్డు, నెత్తిమీద చిన్న లైటు, ఒక ప్లగ్గు. కిటికీ వైపు రెండు వరసలు ఆడపిల్లలకి వేరుగా ఉంచారు. పొద్దున ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా తెరిచే ఉంటుంది, నేను ఉండేది తొమ్మిది నుంచి రెండున్నర దాకా. నాది 14. నాకంటే ముందు అక్కడ కూర్చున్న అమ్మాయి ప్లైవుడ్ మీద పెన్సిల్‌తో టైంటేబుల్ రాసుకుంది. 5:00 లేవాలి. 5:30 కరెంట్ అఫైర్స్. 8:00 అమ్మకి ఫోన్. అడుగున ఎర్ర ఇంకుతో "ఇదే ఆఖరుసారి" అని ఉంది. ఆ అమ్మాయికి ఉద్యోగం వచ్చిందో లేదో ఓనరు గారికి కూడా తెలియదు. నేను చెరపలేదు. దాని కింద 11, 20 అని నా అంకెలు రెండూ రాసుకున్నాను.

అక్కడి నిశ్శబ్దం గురించి చెబితే అతిగా అనిపిస్తుంది. ఫ్యాను చప్పుడు, కాగితం తిప్పిన చప్పుడు, అంతే. నా కీబోర్డులో నంబర్ కీల టకటక మీద మూడో రోజే ఫిర్యాదు వెళ్లింది, కీల మీద రబ్బరు కవరు వేసుకున్నాను. ఇంట్లో ఏడు గంటలు పట్టే పని ఇక్కడ నాలుగున్నర గంటల్లో అవుతోంది. మిగిలిన చిల్లర పని రాత్రి పాప పడుకున్నాక గంటసేపు.

పని కంటే నాకు ఎక్కువ కలిసొచ్చింది మాత్రం నడక. రూమ్ నుంచి ఇంటికి పన్నెండు నిమిషాలు. ఇదివరకు ల్యాప్‌టాప్ మూసిన చేత్తోనే అన్నం కలిపేదాన్ని, బుర్రలో ఇంకా ఎవరి ఇన్‌వాయిసో తిరుగుతూ ఉండేది. పాప "అమ్మా" అంటే "ఒక్క నిమిషం" అన్నమాటే వచ్చేది. ఇప్పుడు మధ్యలో ఒక జామకాయల బండి, ఒక గుడి, రెండు మలుపులు ఉన్నాయి. స్కూలు ఆటో వచ్చేసరికి నేను గేటు దగ్గరే ఉంటున్నాను, చేతిలో ఫోను లేకుండా.

ఇక ఫోను. ఈ రూమ్‌లో గట్టి రూలు అదే, ఫోన్ లోపలికి రాకూడదు. గుమ్మం దగ్గర చెక్క అరలున్నాయి, మన నంబరు అరలో సైలెంట్‌లో పెట్టి వెళ్లాలి. చదివే పిల్లలకి అంతకంటే మంచి రూలు లేదు. నాకు మాత్రం రెండు చిక్కులు. క్లయింట్ రిటర్ను సంతకానికి ఓటీపీ అతని ఫోనుకి వస్తుంది, అతను నాకు చెప్పాలి, అది కాసేపటికే చెల్లకుండా పోతుంది. అది చిన్న చిక్కు. పెద్దది మావారి ఫోను.

ఆయన ఎప్పుడు చేస్తారో ఆయనకే తెలియదు. వాతావరణం బాగుండాలి, లైను దొరకాలి, ముందున్నవాళ్ల వంతు అయిపోవాలి. ఒక్కోసారి రోజూ వస్తుంది, ఒక్కోసారి ఆరు రోజులు రాదు. నంబరు కూడా ఒకటే ఉండదు. మనం తిరిగి చేస్తే కలవదు. అందుకే తెలియని నంబరు వస్తే మాలాంటివాళ్లం కట్ చెయ్యం. క్రెడిట్ కార్డు అమ్మేవాళ్లతో ఫౌజీల భార్యలంత మర్యాదగా మాట్లాడేవాళ్లు దేశంలో ఉండరు.

చేరిన రెండో వారంలోనే ఒక కాల్ పోయింది. 11:52కి వచ్చింది, నేను అర తెరిచేసరికి 2:40. మళ్లీ ఫోను నాలుగు రోజులకి. ఆ నాలుగు రోజులూ వేసిన పనంతా తర్వాత మొదటి నుంచి చూసుకోవలసి వచ్చింది. కట్టిన డబ్బు పోతే పోయింది, మానేస్తానని ఓనరు గారికి చెప్పాను. ఆయన కారణం అడిగారు. విన్నాక తన బల్ల మీద స్టాప్లర్ పక్కకి జరిపి, "ఫోను ఇక్కడ పెట్టండి చెల్లెమ్మా, సౌండు పెట్టే ఉంచండి, నేను చూసుకుంటాను" అన్నారు.

అప్పటి నుంచి ఇదే పద్ధతి. ఫోను మోగితే ఆయనే ఎత్తుతారు. ఓటీపీ అయితే చెప్పులు విడిచి లోపలికి వచ్చి నా ప్లైవుడ్ మీద వేలితో ఒకసారి కొడతారు. మావారైతే, "లైన్లో ఉండండి సార్, వచ్చేస్తున్నారు" అని చెప్పి వచ్చి రెండుసార్లు కొడతారు. ఒకటైతే నడుస్తాను, రెండైతే పరిగెత్తుతాను. మెట్ల మలుపులో నీళ్ల డ్రమ్ము పక్కన నిలబడి మాట్లాడతాను. మొదటిసారి మావారు, "ఏంటి, పీఏని పెట్టుకున్నావా?" అన్నారు. మొన్న గురువారం ఇలాగే రెండు దెబ్బలు. పాపకి పన్ను ఊడిందని చెప్పాను. ఏది అన్నారు. కింద ముందుది అన్నాను. "దాచావా?" అన్నారు. దాచానని చెప్పేలోపే కట్ అయింది. వెనక్కి వెళ్లి సీట్లో కూర్చుంటే పక్క సీటు అమ్మాయి ఏమీ అనకుండా తన నీళ్ల సీసా నా వైపు జరిపింది. మాట్లాడకూడదు కదా.

ఆ మిస్సయిన కాల్ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు అత్తగారు ఏమీ అనలేదు. మామగారు సర్వీసులో ఉండగా 56 ఏపీఓ అని అడ్రసు రాసి ఉత్తరం పోస్టు చేసి, జవాబు కోసం వారాల తరబడి గుమ్మం చూసిన మనిషి. మర్నాడు పొద్దున వంటింట్లోకి వెళ్లేసరికి క్యారేజీ కట్టేసి ఉంది. డబ్బుల మాట మళ్లీ రాలేదు. ఇప్పటికీ క్యారేజీ ఆవిడే కడుతున్నారు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర కట్టిన రోజు మాత్రం కింద జిరాక్స్ షాపు వెనక కూర్చుని తింటాను. పైన మూత తీస్తే రెండు వరసలు తలలు తిప్పుతాయి.

అబ్బాయిల వైపు సగం మంది పోలీసుకి, మిగతా సగం ఆర్మీకి. పొద్దున విజ్జీ స్టేడియంలో పరుగు తీసి నేరుగా వచ్చేస్తారు. నా సంగతి ఓనరు గారి వల్ల అందరికీ తెలిసిపోయింది. ఒక అబ్బాయి, పద్దెనిమిది ఉంటాయేమో, మెట్ల దగ్గర ఆగి, "మేడమ్, అగ్నివీర్‌కి సెలవులు ఎన్నిస్తారు? మా అమ్మ కనుక్కోమంది" అన్నాడు. ఏడాదికి ముప్పై రోజులని చెప్పాను. అగ్నివీర్‌గా తీసుకునేది నాలుగేళ్లకే, ఆ తర్వాత నూటికి ఇరవై అయిదు మంది దాకానే రెగ్యులర్‌గా తీసుకుంటారన్నది వాడికి ముందే తెలుసు. జీతం గురించి అడగలేదు. ముప్పై అని వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంటూ వెళ్లాడు.

ఇక తిట్లు. మొదటిది ఆ పరుగు బూట్లే. చెప్పుల స్టాండు తలుపుకి ఆనించి పెట్టారు, ఏసీ వేసి తలుపు మూశాక లోపల పరిస్థితి ఊహించుకోండి. ఏసీ పదకొండు నుంచి అయిదు దాకానే. కరెంటు పోతే ఇన్వర్టరు మీద లైట్లు, ఫ్యాన్లు, వైఫై నడుస్తాయి, అది మాత్రం మెచ్చుకోవాలి. కుర్చీలు పెళ్లి పందిట్లో వేసే ప్లాస్టిక్ కుర్చీలు. రెండు నెలలకి నాకు నడుం పట్టేసింది. ఇప్పుడు ఇంటి నుంచి ఒక దిండు తెచ్చుకున్నాను, నలభై నిమిషాలకోసారి లేచి మెట్లు దిగి ఎక్కుతాను. ఆడవాళ్లకి బాత్రూమ్ ఒకటే, దాని గడియ ఊడి మూడు నెలలైంది. లోపల నుంచి తాడు కట్టుకోవాలి. అడిగిన ప్రతిసారీ "రేపు కార్పెంటర్ వస్తాడు" అంటారు. ఇరవై మంది ఆడపిల్లల దగ్గర నెలనెలా డబ్బు తీసుకుంటూ గడియ వేయించకపోవడానికి ఏ కారణం చెప్పినా నేను ఒప్పుకోను. ఒక ఆదివారం నేనే కొని బిగించేద్దామనుకున్నాను, అలా చేస్తే ఇక ఎప్పటికీ మనమే చెయ్యాలని మానేశాను.

మా ఊరి పైడితల్లి అమ్మవారి జాతర, సిరిమానోత్సవం మంగళవారం మూసేశారు. అది తప్పనను, మూడు లాంతర్ల నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు తిరిగే రోజు ఈ ఊళ్లో ఎవరు లెక్కలు చూస్తారు. కానీ ముందురోజు తోలేళ్లకి, అంటే జాతర మొదలయ్యే రోజుకి కూడా సగం పూటే తెరిచి, ఆ సంగతి ఆ పొద్దునే చెప్పారు. అదే వారంలో నాకు 11వ తారీఖు. తోలేళ్లంటే ఏమిటో హైదరాబాద్‌లో మా సీనియర్‌కి వివరించడానికి పది నిమిషాలు పట్టింది. చివర్లో ఆయన, "అయితే ఇంట్లో కూర్చుని చేసెయ్యండి" అన్నారు.

నాలాగా ఇంటి నుంచి పనిచేసే ఆడవాళ్లు ఎవరైనా చేరాలనుకుంటే, రోజుకి రెండు మూడు మీటింగులు ఉండే ఉద్యోగమైతే వద్దు. నోరు విప్పే పనికి ఇది చోటు కాదు. రాత్రి షిఫ్టులకి కూడా కుదరదు. లెక్కలు, రాత పని, డేటా, కోడింగ్ అయితే కళ్లు మూసుకుని చేరిపోవచ్చు. ఫోను సంగతి ముందే మాట్లాడుకోండి, వినే మనిషే. మార్కులు వెయ్యమంటే అయిదుకి మూడున్నర. గడియ వేయించిన రోజు నాలుగు చేస్తాను. నవంబరు సంగతి మాత్రం ఈ రూమ్ వల్ల కూడా తీరలేదు. ఈసారి ఆదివారం మాత్రమే అని మామగారి స్నేహితులకి చెప్పాను. పదకొండు మంది ఒకే ఆదివారం వచ్చారు.

ఇంకొక్క మాట. మావారికి సెలవు మంజూరైంది. బండి ఇక్కడ దిగేది వచ్చే నెల 21న, అంటే 3బీ అయిపోయిన మర్నాడు. ఆర్మీ వాళ్లు జీఎస్టీ క్యాలెండరు చూసి ఇవ్వరు, ఈసారి అలా కలిసొచ్చింది. అప్పటి నుంచి నలభై రోజులు నేను ఇంటి నుంచే చేస్తాను. కిటికీ పక్క సీటు 14 ఖాళీ. చదువుకునే అమ్మాయిలెవరైనా కావాలంటే ఓనరు గారిని అడగండి, నేను చెప్పి ఉంచాను. ప్లైవుడ్ మీద రాతలు చెరపకండి. మధ్యలో వచ్చే 11న, 20న మాత్రం చెరో పూట వస్తాను. మీరు కూర్చుని ఉంటే లేపను, పక్కన ఏది ఖాళీగా ఉంటే అది చూసుకుంటాను.