1969-ఎస్ డబుల్డ్ డై పెన్నీ కొంటున్నారా? ముందు ఎస్ అక్షరం చూడండి

అమెరికాలో ఉంటూ పాత నాణేలు సేకరించే మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పోయిన నెల డాలస్ దగ్గర ఒక కాయిన్ షోలో 650 డాలర్లు పోగొట్టుకున్నాను. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. ఇంకొకరు ఇలా నష్టపోకూడదనే నా బాధ.

అమ్మినతను చూపించింది 1969 లింకన్ పెన్నీ, అంటే ఒక సెంటు నాణెం. సంవత్సరం కింద చిన్న ఎస్, అంటే శాన్‌ఫ్రాన్సిస్కో మింట్ (టంకశాల)లో కొట్టినది. "డబుల్డ్ డై ఇది, ఇంకా గ్రేడింగ్‌కి పంపలేదు కాబట్టే ఈ రేటు" అన్నాడు. డబుల్డ్ డై అంటే అచ్చులోనే బొమ్మ రెండుగా ఉండి, అలాగే పడిన నాణెం. గ్రేడింగ్ అంటే నిపుణుల సంస్థ నాణెం అసలుదేనా అని చూసి, దాని స్థాయి నిర్ణయించడం. అసలైనదైతే వేల డాలర్లు పలుకుతుంది, 2008లో ఒకటి వేలంలో లక్ష డాలర్లు దాటింది. ఆ లెక్కే నా బుర్రలో తిరుగుతోంది. భూతద్దంలో చూస్తే అంకెలు రెండేసి కనిపించాయి, డబ్బు ఇచ్చేశాను.

తర్వాత మా ఊళ్లో పెన్నీల మీద బాగా పట్టున్న ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన అంకెల జోలికే పోలేదు. పది రెట్ల లూప్ (చిన్న భూతద్దం) నేరుగా ఎస్ మీద పెట్టి, "ఇదీ రెండుగానే ఉందిగా బాబూ, ఇది మెషిన్ డబ్లింగ్" అన్నారు.

విషయం ఏమిటంటే, ఆ రోజుల్లో డై (నాణెం మీద బొమ్మ కొట్టే అచ్చు) తయారు చేసేటప్పుడు హబ్‌తో (డై మీదికి బొమ్మ దించే ఉక్కు మూసతో) ఒకసారి కాక, రెండు మూడుసార్లు నొక్కేవారు. రెండోసారి కాస్త తిరిగి పడితే డై మీదే బొమ్మ రెండుగా పడుతుంది, దాంతో కొట్టిన ప్రతి నాణెం మీదా అదే వస్తుంది. అదీ డబుల్డ్ డై. కానీ ఎస్ అక్షరం హబ్ మీద ఉండేది కాదు. డై తయారయ్యాక దాన్ని విడిగా చేత్తో పంచ్ చేసేవారు. అందుకే అసలైన 1969-ఎస్‌లో సంవత్సరం, లిబర్టీ, ఇన్ గాడ్ వి ట్రస్ట్ రెండుగా ఉంటాయి, ఎస్ మాత్రం ఒంటరిగా ఉంటుంది. మెషిన్ డబ్లింగ్‌లో డైకి ఏ లోపమూ ఉండదు. అచ్చు పడిన క్షణంలో బిగుతు లేని డై కాస్త కదిలి, అప్పుడే పైకి లేచిన లోహాన్ని పక్కకి గీరుతుంది. దాని దారిలో ఎస్ ఉంటే ఎస్‌నీ వదలదు.

నా నాణెం మీది 9ని ఇప్పుడు రోజూ చూస్తున్నాను. అంచు పక్కన నున్నగా, మెరుస్తూ, పొలం గట్టులా ఒక పల్చటి మెట్టు. అంకె కంటే బాగా కిందికి ఉంటుంది. పైగా ఆ మెట్టు అంకెలోంచే తీసుకున్న లోహం, అందుకే అసలు 9 సన్నబడిపోయింది. నిజమైన డబుల్డ్ డైలో అంకె లావెక్కుతుంది, రెండో గీత కూడా మొదటిదానిలాగే గుండ్రంగా, ఎత్తుగా ఉంటుంది, అక్షరాల కొసల దగ్గర చీలిక కనిపిస్తుంది. ఈ తేడా ఒక్కసారి కంట పడితే ఇక మర్చిపోరు. మెషిన్ డబ్లింగ్‌కి సేకరణలో అదనపు విలువ లేదు.

ఎస్ ఒంటరిగా ఉన్నంత మాత్రాన అసలైనదని కూడా అనుకోవద్దు. గ్రేడింగ్ అయిన నాణెం ఫోటో పక్కన పెట్టి పోల్చండి. ఒకే డై కాబట్టి అచ్చం అలాగే ఉండాలి. 1990 నుంచి చేసిన పెన్నీలకు మింట్ మార్క్ (ఎస్ లాంటి టంకశాల అక్షరం) మాస్టర్ డై (మిగతా డైలకు మూలమైన అచ్చు) మీదే ఉంటుంది కాబట్టి, తర్వాతి వాటికి ఈ ఎస్ పరీక్ష పనికిరాదు, మెట్టు కోసమే వెతకాలి. ఇండియాలో "డబుల్ డై" అని అమ్మే రూపాయి, రెండు రూపాయల బిళ్లల మీద కూడా ముందు ఆ మెట్టు ఉందేమో చూడండి.

మళ్లీ వెళ్లి అడిగితే, "అమ్మింది వాపస్ తీసుకోం" అన్నారు. బిల్లు మీద "1969-ఎస్ పెన్నీ" అని మాత్రమే ఉంది. డబుల్డ్ డై అన్న మాట లేదు, నేనూ అడిగి రాయించుకోలేదు. మీరు మాత్రం ఆ మాట, తప్పని తేలితే వాపస్ ఇస్తామన్న మాట, రెండూ రాయించుకున్నాకే డబ్బు ఇవ్వండి. అనుమానం ఉంటే కొనేముందు నాకు ఫోటో పంపండి, ఎస్ దగ్గర ఫోకస్ బాగా ఉండాలి.