ఎనిమిదేళ్ల డిజిటల్ పియానో: కీలు విప్పి బాగుచేశాక ఎలా ఉంది?

మాది 88 కీల వెయిటెడ్ (మామూలు పియానోలా కీలు బరువుగా దిగే) డిజిటల్ పియానో, కొని ఎనిమిదేళ్లు దాటింది. స్పీకర్లు, బోర్డులు ఇప్పటికీ శుభ్రంగా ఉన్నాయి. అరిగిందల్లా కీల కింది మెకానిజమే. మధ్య ఆక్టేవుల్లో (ఆక్టేవంటే సా నుంచి పై సా దాకా ఉండే కీల వరస) ఏది నొక్కినా టక్కుమనేది. రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయిస్తే పాట మా అమ్మాయికి, టకటకలు మాకు. పైగా రెండు మూడు కీలు మెల్లగా తాకినా గట్టిగా అరిచేవి. సర్వీసువాళ్లు కీబెడ్, అంటే కీలూ వాటి మెకానిజమూ మొత్తం మార్చాలన్నారు. ఆ ధరకి ఇంకొంచెం కలిపితే సెకండ్ హ్యాండ్ పియానోనే వస్తుంది. అందుకే ఏడాదిన్నర కిందట ఇంట్లోనే విప్పాం.

ఈ రెండు జబ్బులూ వేరు వేరు. టకటకలకి కారణం కీ తగిలినప్పుడు చప్పుడు రాకుండా ఆపే ఫెల్ట్ (మెత్తటి ఉన్నిలాంటి గుడ్డ) పట్టీ అణిగిపోవడం. అరుపులకి కారణం రబ్బరు కాంటాక్టులు. మా మోడల్‌లో ప్రతి కీ కింద రబ్బరు బుడిపెలో రెండు నల్లటి కార్బన్ చుక్కలుంటాయి. కీ నొక్కితే ఒకటి ముందు తగులుతుంది, రెండోది ఆ వెంటనే. ఆ మధ్య వ్యవధిని బట్టే ఎంత గట్టిగా నొక్కామో పియానో లెక్కగడుతుంది. మొదటి చుక్క కింద దుమ్ము చేరితే అది ఆలస్యంగా తగులుతుంది, వ్యవధి తగ్గిపోతుంది, శబ్దం పెరుగుతుంది. చుక్కలు తగిలే సర్క్యూట్ బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనిస్తే చాలు. చుక్కల్ని మాత్రం గట్టిగా రుద్దొద్దు, కార్బన్ ఊడిపోతుంది. బాగా అరిగిన రబ్బరు బుడిపెల పట్టీ తీసి, దాని చోట పై చివరి ఆక్టేవుది వేశాం. ఆకారం ఒకటేనని చూసుకున్నాకే లెండి. ఆ చివరి కీలను మా అమ్మాయి ఎప్పుడైనా ముట్టుకుందో లేదో! పట్టీ బిగించేటప్పుడు దాని చిన్న తోకలన్నీ రంధ్రాల్లోకి పూర్తిగా దిగాలి. ఒక్కటి పైకి లేచినా ఆ కీ మళ్లీ మొరాయిస్తుంది.

ఫెల్ట్‌తోనే అసలు పని. పాతదాన్ని ఊడదీస్తే కీ తగిలిన చోటల్లా గుంట, గుంటకీ గుంటకీ మధ్యలో అసలు మందం. కొలవాల్సింది ఆ మధ్య భాగాన్నే. మందం ఎక్కువైతే కీ లోతుగా దిగదు, వేళ్లకి వెంటనే తెలిసిపోతుంది. సూపర్ గ్లూ వద్దు, ఫెల్ట్‌లోకి ఇంకి రాయిలా బిగుస్తుంది. సన్నటి డబుల్ సైడ్ టేప్ చాలు. కీల మెకానిజానికి రాసే గ్రీజు కూడా ప్లాస్టిక్‌కి పనికొచ్చే సిలికాన్ రకమే, అదీ అగ్గిపుల్ల తలంత. బండికి వేసేది వేస్తే ప్లాస్టిక్ పాడయ్యే ప్రమాదం ఉంది.

ఇప్పటి పరిస్థితి: కాంటాక్టులు మళ్లీ ఇబ్బంది పెట్టలేదు. గ్రీజూ నిలిచింది. కంపెనీ ఫెల్ట్ ఒక ఆక్టేవుకే దొరికింది, అక్కడ ఇప్పటికీ చప్పుడు లేదు. మిగతా చోట్ల వేసిన క్రాఫ్ట్ షాపు ఫెల్ట్ మధ్య ఆక్టేవుల్లో అణగడం మొదలైంది, చివరి ఆక్టేవుల్లో బాగానే ఉంది. మళ్లీ విప్పితే మధ్య ఆక్టేవులన్నింటికీ కంపెనీదే వేస్తాను, చివర్లకి షాపుది చాలు. లోపలి హామర్ (కీకి బరువునిచ్చే మీట) ప్లాస్టిక్ విరిగితే మాత్రం జిగురుతో తంటాలు పడకుండా ఆ విడిభాగమే కొనడం మేలు.