ఆటోక్లేవ్ బాగుంది, చిక్కంతా నీళ్లతోనే

సిలికాన్ కార్బైడ్ కాంపోజిట్ (నారలతో బలపరిచిన సిరామిక్) ముక్కలను గాజుతో అతికించి, ఆ అతుకు అణు రియాక్టర్ నీళ్లలో నిలుస్తుందో లేదో చూడమని ఒక ప్రైవేట్ టెస్టింగ్ ల్యాబ్‌కి పంపాం. ల్యాబ్ పేరు చెప్పను.

మెచ్చుకోవాల్సింది ముందు చెబుతాను. ఆటోక్లేవ్‌లో, అంటే నీళ్లను ఒత్తిడిలో వేడిచేసే మూత బిగించిన పాత్రలో, 320 డిగ్రీలు, 15.5 మెగాపాస్కల్ ఒత్తిడి అడిగాం. లాగ్ షీట్‌లో గీత చివరిదాకా కదల్లేదు. వేడి పెట్టేముందు ఆర్గాన్ పంపి నీళ్లలోని ఆక్సిజన్ తీసేశారు. అది చాలా అవసరం, ఎందుకంటే ఆక్సిజన్ ఉంటే సిలికాన్ కార్బైడ్ మీద సిలికా ఏర్పడి వేడినీళ్లలో కరిగిపోతూనే ఉంటుంది. జిర్కలాయ్‌లా (రియాక్టర్ ఇంధన గొట్టాలకు వాడే జిర్కోనియం మిశ్రలోహం) పొర కట్టి కాపాడుకోవడం దానికి చేతకాదు.

అసలు లోపం ఏమిటంటే, మూత బిగించాక ఆఖరిదాకా అవే నీళ్లు. మా గాజు యిట్రియా, అల్యూమినా, సిలికా కలిపినది. నిలవ నీళ్లలో సిలికా కొంత చేరాక కరగడం దానంతటదే మందగిస్తుంది. రియాక్టర్‌లో నీళ్లు తిరుగుతూ, శుద్ధి అవుతూ ఉంటాయి కాబట్టి అక్కడ ఆ వెసులుబాటు ఉండదు. నీళ్లు మారే లూప్ ఉందా అంటే, "అందరూ ఇలాగే చేయించుకుంటారండీ" అన్నారు.

రిపోర్టులో బరువు తగ్గుదల తప్ప ఇంకేం లేదు. అతుకు మందం వెంట్రుకంత కూడా ఉండదు, మొత్తం ముక్క బరువులో దాని నష్టం ఎక్కడ కనిపిస్తుంది? విడిగా డబ్బు కట్టి అడ్డంగా కోయించి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూపించుకుంటే అప్పుడు బయటపడింది. అంచు దగ్గర నీళ్లు గాజును లోపలికి తినేసి సన్నని గాడి పడింది. స్ఫటికాలుగా మారిన భాగం అలాగే ఉంది, వాటి మధ్య మిగిలిన గాజు మాత్రం పోయింది. ఆ ఫొటోలు తీసినమ్మాయి మేం అడక్కుండానే గాడి కొసను దగ్గరగా తీసి పంపింది. నా మూడు స్టార్లలో ఒకటి ఆమెదే.

బోరాన్ ఉన్న గాజుల్లాంటివి ఏరిపారేయడానికి ఈ సర్వీసు సరిపోతుంది. అవి నిలవ నీళ్లలోనే కరిగి చెడిపోతాయి (పైగా బోరాన్ న్యూట్రాన్లను మింగి హీలియం వదులుతుంది, అది వేరే టెన్షన్). నిలిచిన గాజును రియాక్టర్‌కి పనికొస్తుందని చెప్పడానికి మాత్రం ఈ రిపోర్టు చాలదు. వెళ్లేవాళ్లు కోత, ఫొటోలు, పరీక్ష తర్వాత నీళ్లలో సిలికా ఎంతుందో కొలవడం, మూడూ కొటేషన్‌లోనే రాయించుకోండి. బిల్లింగ్ వాళ్లు మహా చురుకు, మా ముక్కలు తిరిగి రాకముందే ఇన్వాయిస్ వచ్చేసింది.